చిటికెనవేలికి చోటు

సర్వేయరు తిరిగి వచ్చాడన్న కబురు కూతురు పిచ్చుక చెప్పింది, అదీ నోట్లో మేకులు పెట్టుకుని. అందుకని మేస్త్రీకి మొదట అర్థం కాలేదు.

"ఎవరూ?"

ఆమె మేకుల్ని ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుంది. "సర్వేయరు గారు నాన్నా. నేను పుట్టకముందు మన మేడ మీద గదిలో అద్దెకుండేవారటగా, ఆయన. ఆసుపత్రి వీధిలో దిగారట. కాళ్లు వాచిపోయి ఏ బూట్లూ పట్టడం లేదట. రేపో ఎల్లుండో ఇక్కడికే వస్తానని కబురు పెట్టారు."

"ఎవరికి పెట్టాడు?"

"అమ్మకి."

మేస్త్రీ చేతిలో ఉన్న తోలుముక్కని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాడు. దాంట్లో చూడ్డానికేమీ లేదు.

దుకాణంలో అప్పుడొక తల్లి తన పిల్లవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టుకుని ఉంది. వాడి బూట్లు బిగుతైపోయాయి. ముందు కుట్టు కాస్త విప్పి ఇస్తే ఈ చలికాలం లాగించేస్తానని బతిమాలుతోంది.

"లాగించేది మీరు కాదమ్మా, వీడి వేళ్లు," అన్నాడు మేస్త్రీ, ఆ బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తూ. "చిన్నపిల్లల పాదమంటే పిసికిన పిండి. ఏ గిన్నెలో కుక్కితే ఆ గిన్నె ఆకారం వచ్చేస్తుంది. తరవాత మీరు ఏడ్చినా రాదు, నేను ఏడ్చినా రాదు."

ఆయన వెనక నిలబడి పిచ్చుక అవే మాటలకి చప్పుడు చెయ్యకుండా పెదాలు కదిపింది. పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. మాటలు నేర్చిన దగ్గర్నుంచీ ఆమె రోజూ వింటున్న ముక్కలే అవి.

లోపలి గది తలుపు తెరుచుకుని భార్య టీ గ్లాసులతో వచ్చింది. మేస్త్రీ ముందు టీని చూడలేదు, ఆమె జుట్టు చూశాడు. దువ్వి ఉంది. మామూలుగా పొద్దున పని తెమిలేదాకా ఆమె దువ్వెన ముట్టుకోదు.

"కబురొచ్చిందటగా," అన్నాడు.

"వచ్చింది. చెబుదామనుకునేలోపు మీరు దుకాణం తెరిచేశారు."

"ఇంట్లో నుంచి దుకాణానికి ఎంత దూరమని, మధ్యలో నది ఉన్నట్టు!"

ఆమె గ్లాసు ఆయన పక్కన పెట్టి, మూత కూడా పెట్టి, వెళ్లిపోయింది. ఆ మూత ఆయనకి నచ్చలేదు. చల్లారేదాకా తాగనని ముందే తెలిసినట్టు పెట్టింది.

*

ఆ దుకాణంలో బూట్లు కుట్టించుకున్న ప్రతి మనిషికీ ఒక జత కొయ్యపాదాలు ఉంటాయి. మనిషి పాదాన్ని కాగితం మీద గీసి, కొలిచి, ఆ కొలతకి కొయ్యని చెక్కి, దాని మీద తోలు బిగించి కుడతారు. జతల్ని దారంతో కట్టి గోడ పొడవునా మేకులకి తగిలిస్తారు. ఏ జత ఎవరిదో తెలియడానికి మడమ మీద కాల్చిన తీగతో ఒక గుర్తు పెడతారు. మనిషి ఊరు విడిచిపోతేనో, కన్నుమూస్తేనో ఆ కొయ్య పొయ్యిలోకి పోతుంది. ఈ నియమానికి ఆ గోడ మీద ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అది కింది వరసలో, జిగురు డబ్బాల వెనక వేలాడుతూ ఉంటుంది. దాని మడమ మీద గుర్తు త్రికోణం, సర్వేయరుది.

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా మేస్త్రీ దాన్ని బయటికి తీశాడు. దుమ్ము లేదు. తనే అప్పుడప్పుడూ తుడుస్తాడు కాబట్టి ఉండదు. పెద్ద పాదం, బాగా నడిచే మనిషి పాదం. బయటి అంచు నునుపుగా వచ్చి వచ్చి, చిటికెనవేలి దగ్గర ఒక్కసారిగా లోపలికి కోసేసినట్టు ఉంటుంది. ఎందుకంటే ఆ చిటికెనవేలు పక్క వేలి కిందికి దూరి పడుకుని ఉంటుంది.

పిచ్చుక చిటికెనవేలు కూడా అంతే.

సర్వేయరు మేడ మీద ఉన్న సంవత్సరం తండ్రికి జబ్బు చేస్తే మేస్త్రీ కొన్ని వారాలు ఊళ్లో లేడు. తిరిగొచ్చిన రోజున, వీధి తలుపు తోసేసరికి, మేడ మెట్ల మీద భార్య నవ్వు వినిపించింది. తన దగ్గర ఎప్పుడూ నవ్వని నవ్వు. అంతే జరిగింది. ఆమె ఆయన్ని చూసి, "వచ్చారా, నీళ్లు పెట్టనా?" అంది. సర్వేయరు పైనుంచి, "మేస్త్రీ, మీ నాన్నకెలా ఉంది?" అని కేకేశాడు. తరవాత కొన్నాళ్లకి అతను బదిలీ మీద వెళ్లిపోయాడు. తరవాత పిచ్చుక పుట్టింది. ఆ నవ్వుని మాత్రం మేస్త్రీ ఎక్కడికీ పంపలేకపోయాడు.

భార్యంటే ఆయనకి పిచ్చి. పెళ్లికి ముందు ఆమె వాళ్ల వీధిలో నడిచి వెళుతుంటే, అరిగిన మడమల్ని బట్టి ఆమె ఎడమ కాలి మీద ఎక్కువ బరువు వేస్తుందని పసిగట్టి, ఎవరూ అడక్కుండానే ఒక జత కుట్టి పంపిన మనిషి. ఇన్నేళ్లలో ఆమె మీద చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ప్రశ్న వెయ్యనందుకు తనని తాను మంచివాడనే అనుకున్నాడు.

*

"ఆదివారం వస్తాడట మీ అన్నగారబ్బాయి," అంది భార్య, భోజనాల దగ్గర. "దుకాణం తాళాలు నిజంగానే ఇచ్చేస్తారా?"

"చెప్పానుగా. నా చూపు సన్నగిల్లింది. వాడైతే చూసుకుంటాడు."

"ఏం చూసుకుంటాడు నాన్నా?" అంది పిచ్చుక. "అన్నయ్యకి కుడి బూటేదో ఎడమ బూటేదో కాళ్లకి తొడిగితేగానీ తెలీదు. వాడు ఇక్కడ ఫ్యాక్టరీ బూట్లు పెట్టి అమ్ముతానంటున్నాడు. కొయ్యపాదాలన్నీ చలిమంటకి బాగా పనికొస్తాయట."

నవ్వుతూనే అంది. కానీ చేతిలో చెంచా అక్కడే ఆగిపోయింది.

"దుకాణం పిచ్చుకకి ఇవ్వండి," అంది భార్య.

"నీ కూతురికి కుట్టు వచ్చు. కోత రాదు. కోత రానివాళ్ల చేతికి దుకాణం ఎలా ఇస్తారు?"

"కోత రాదా, మీరు నేర్పలేదా?"

"నా మాట అదే."

"ఇప్పటికి నేను అడిగినప్పుడల్లా ఇంకో రెండేళ్లు పోనీ అన్నారు. దాని వేలికి సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం గట్టిపడింది గానీ, ఆ తోలుకత్తి ఒక్కసారి దాని చేతికి ఇచ్చారా?"

"వాడు మన రక్తం," అన్నాడు మేస్త్రీ.

గదిలో అందరికీ ఆ మాట వినబడింది. ఆ మాట అన్న మేస్త్రీకి కూడా. పిచ్చుక తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. తరవాత లేచి తన కంచం తీసుకుంది.

"అన్నయ్య రక్తం నాకు తెలీదు గానీ," అంది, వెళుతూ వెళుతూ, "ఈ దుకాణంలో కారింది మాత్రం నాదే ఎక్కువ."

ఆమె నడక చప్పుడు వంటగదిదాకా వినిపించింది. కుడి పాదం కాస్త ఆలస్యంగా పడుతుంది. మేస్త్రీ ఆ చప్పుడు వినకూడదనుకుంటూనే ప్రతిసారీ వింటాడు.

*

సర్వేయరు కర్ర పట్టుకుని వచ్చాడు. మేస్త్రీ ఇన్నాళ్లూ మనసులో మోసుకు తిరిగిన మనిషి పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, మెట్లు రెండేసి ఎక్కుతూ ఉండేవాడు. గుమ్మం దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంటున్న ఈ ముసలివాణ్ణి చూస్తే ఎవరో మోసం చేసినట్టనిపించింది.

"మేస్త్రీ! బతికే ఉన్నావన్నమాట."

"నువ్వు పాత బాకీగా మిగిలిపోయావు మరి."

"అదేంటయ్యా, అద్దె మొత్తం కట్టే వెళ్లాను!" అని సర్వేయరు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు.

భార్య కుర్చీ తెచ్చి వేసింది. నీళ్లు తెచ్చింది. అక్కడే నిలబడింది. మేస్త్రీ పనిబల్ల వైపు తిరిగి సుద్దముక్క వెతికాడు. సుద్దముక్క చెవి మీదే ఉంది.

"బాగున్నారా వదినగారూ? ఇల్లు అలాగే ఉంది. అవునూ, ఆ పిల్లి ఏమైంది?"

"ఏ పిల్లి?"

"తెల్లది. నా పటాలన్నీ పరిస్తే వాటి మీదే వచ్చి పడుకునేది చూడండి. ఈ ఇల్లంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది."

భార్య గ్లాసు మీదినుంచి చెయ్యి తియ్యలేదు. "పిల్లి కాకుండా మనుషులు కూడా ఉండేవాళ్లమండీ ఇక్కడ," అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు కొస ఎక్కడో చిన్నగా విరిగింది, మేస్త్రీ ఆ చప్పుడు పట్టుకున్నాడు. ఈ మనిషి తన భార్యని మరిచిపోవాలని ఎన్నిసార్లు కోరుకున్నాడో! తీరా మరిచిపోయి వచ్చేసరికి ఒళ్లు మండింది. నా ఇంటికొచ్చి, నా భార్య నవ్వు విని, పిల్లిని గుర్తుపెట్టుకుంటావా? ఆమె మొహంలో ఆ కాస్త నొప్పి ఎందుకు కనబడిందన్నది ఇంకో మంట. రెండు మంటల్లో ఏది పెద్దదో తేలకుండానే ఆయన మోకాళ్ల మీద కూర్చుని సర్వేయరు మేజోళ్లు లాగాడు.

పిచ్చుక కాగితం పరిచింది. సర్వేయరు పాదం దాని మీద ఆనించాడు. చీలమండ దగ్గర ఎముక కనబడనంత వాపు. ముందుభాగం మాత్రం పాతదే. చిటికెనవేలు పక్కవేలి కింద తల దాచుకుని ఉంది.

మేస్త్రీ సుద్దని మడమ దగ్గర పెట్టి నెమ్మదిగా గీసుకుంటూ వచ్చాడు. వేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తల ఎత్తకుండా అడిగాడు.

"ఈ వేలు... మీ ఇంట్లో అందరికీ ఇంతేనా?"

"ఇంట్లోనా?" సర్వేయరు వంగి తన పాదాన్ని తనే వింతగా చూసుకున్నాడు. "ఇది మా అన్న బూట్ల ఘనకార్యమయ్యా. వాడు సన్నపీచు. వాడు విడిచిన బూట్లు నాకు పట్టేవి కావు, మా నాన్న పట్టించేవాడు. బడికి వెళ్లే వయసంతా వాటిలోనే గడిచింది. మా అన్నకి చూడు, మా చెల్లెళ్లకి చూడు, వేళ్లు దువ్వెన పళ్లలా ఉంటాయి. అయినా నీకు తెలీనట్టు అడుగుతావేంటి? మొదటిసారి కొలత తీసినప్పుడు నువ్వే కదా చెప్పావు నాకు! చూడగానే, 'చిన్నప్పుడు బిగుతు బూట్లు తొడిగారా?' అన్నావు. ఎలా కనిపెట్టాడా అని ఆశ్చర్యపోయాను."

మేస్త్రీ సుద్దముక్క కాగితం మీద అలాగే ఆనించి ఉంచాడు. తను చెప్పాడు. చెప్పే ఉంటాడు. దుకాణానికి వచ్చిన ప్రతి తల్లికీ చెప్పేదే కదా.

"నాకూ ఇలాగే ఉంటుందండీ," అంది పిచ్చుక, కాగితం అంచు పట్టుకుని. "కుడి కాలిది మరీను."

"నీకా?" సర్వేయరు ఆమె వైపు చూసి మళ్లీ నవ్వాడు. "మేస్త్రీ కూతురికి బిగుతు బూట్లు ఎవరమ్మా కుట్టింది?"

 భార్య ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

పిచ్చుక కొయ్యపాదాలు పై వరసలో ఉంటాయి. బుల్లి జతనుంచి పెద్ద జతదాకా, మడమ మీద పిట్ట గుర్తుతో. ఎదిగే పిల్లల కొయ్యల్ని ఎవరూ దాచరు. మేస్త్రీ మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు. అవి ఆయనకి సాక్ష్యాలు.

సర్వేయరు వెళ్లాక ఆ మధ్యాహ్నమంతా వాటిని బల్ల మీద వరసగా పేర్చి కూర్చున్నాడు. అన్నిటికంటే చిన్నది అరచేతిలో పట్టింది. బయటి అంచు మీద బొటనవేలితో తడిమాడు. చిటికెనవేలి దగ్గర ఆకురాయి గీతలు. తన చేతి గీతలే, తనకి తెలియవా? మిగతా కొయ్యంతా నున్నగా ఉంది. అక్కడొక్కచోటే, ఎవరో కోపంగా రాకినట్టు.

ఆ రోజు గుర్తొచ్చింది. పిల్ల అప్పుడప్పుడే నడుస్తోంది. కాగితం మీద నిలబెడితే కాసేపు కూడా కుదురుగా ఉండక, చక్కిలిగిలి పుట్టి గెంతింది. గీత వంకర పోయింది. మళ్లీ గియ్యాలి. గియ్యలేదు. ఆ వంకర గీతని తీసుకెళ్లి త్రికోణం కొయ్య పక్కన పెట్టి చూశాడు. చూస్తే ఒకేలా ఉన్నట్టనిపించింది. నిజమైతే ఇదిగో ఇలా ఉండాలి అని, ఆకురాయి తీసుకుని, ఆ గీతకంటే కూడా లోపలికి అరగదీశాడు. ఆ కొయ్య మీద మొదటి బూట్లు కుట్టాడు. పిల్ల ఏడ్చింది. తొడుక్కుంటే వదులవుతాయిలే అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ వేలు లోపలికి వంగింది. తను అనుకున్నదే నిజమైందని గుండె పట్టుకున్నాడు. తరవాతి కొయ్య దాన్ని చూసి చెక్కాడు, దాని తరవాతది దాన్ని చూసి...

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో.

"ఒక మాట అడగాలి," అన్నాడు మేస్త్రీ.

ఆమె చీర కొంగు నడుము చుట్టూ బిగించుకుంది, బరువైనది ఎత్తబోయేముందు చేసినట్టు. "అడగండి."

"పిల్ల చిన్నప్పుడు, సాయంత్రాలు దాని బూట్లలో తడిగుడ్డలు కుక్కేదానివి. ఎందుకు?"

ఆమె ఎదురు చూసింది ఆ ప్రశ్న కాదని ఆమె భుజాల్లో తెలిసింది.

"ఎందుకేంటి, తోలు సాగడానికి. వేలు నొప్పని ఏడ్చేది. మీకు చెబితే, బూట్ల పని నాకు నేర్పుతావా అన్నారు."

"నేను వేరే ఏదో అనుకున్నాను. వేలు దాచడానికి చేస్తున్నావని."

"మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు," అంది ఆమె. "ఆ కింది కొయ్య పొయ్యిలోకి పోనప్పుడే తెలుసు. నేనేం గుడ్డిదాన్నా?"

"తెలిసి కూడా..."

"మీరు అడిగితే చెబుదామని ఉన్నాను. ఆ సంవత్సరం, ఆ పై సంవత్సరం. మీరు అడగలేదు. నా మొహం చూడకుండా పిల్ల కాళ్లు చూస్తూ కూర్చున్నారు."

"ఇప్పుడు అడిగితే?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఆ బుల్లి కొయ్యని ఆయన చేతిలోంచి తీసుకుంది. రాపిడి గీతల మీద వేలు పెట్టి చూసింది. ఆమెకి పనితనం తెలుసు, ఇన్నేళ్లుగా తోలుకి అస్తరు అతికిస్తున్న మనిషి. ఏది కొయ్య గుణమో, ఏది చేతి పనో వివరించి చెప్పక్కర్లేకపోయింది.

"ఇప్పుడు అడిగితే చెప్పను," అంది.

కోపంగా అనలేదు. కొయ్యని తిరిగి బల్ల మీద, మిగతావాటి వరసలో, దాని చోట్లో పెట్టేసి వెళ్లింది.

మేస్త్రీ అడగలేదు. ఆ ప్రశ్న ఇంకా గొంతులోనే ఉంది, బహుశా పోయేదాకా ఉంటుంది. కానీ ఇన్నాళ్లూ దానికి జవాబు చేతిలో ఉందనుకున్నాడు. ఆ జవాబు తను చెక్కింది.

*

మర్నాడు పొద్దున ఆయన పిచ్చుకని పిలిచాడు. "పిల్లా, ఇలా రా. చెప్పులు విప్పి కాగితం మీద నిలబడు."

"నా కొలత ఉందిగా నాన్నా పైన."

"అది తప్పు."

ఆమె ఆయన మొహం చూసింది. మేస్త్రీ నోట ఆ మాట ఇంతవరకూ వేరే వాళ్ల పని గురించే విని ఉంది. ఇంకేం అడక్కుండా నిలబడింది. ఆయన వంగి, వేలిని పక్కవేలి కిందినుంచి మెల్లగా బయటికి తీసి, తీసినంతసేపూ పట్టుకుని, దాని చుట్టూ సుద్దతో గీశాడు. వదలగానే వేలు తన పాత చోటికి వెళ్లి పడుకుంది.

"నొప్పిగా ఉందా?"

"అలవాటేగా," అంది పిచ్చుక.

ఆయన ఆమె పెద్ద జత కొయ్యని కిందికి దించాడు. చెక్కేసిన కొయ్య తిరిగి రాదు. కాబట్టి చిన్న చిన్న తోలుముక్కలు కోసి, అంచులు పలచగా చేసి, అరగదీసిన చోట ఒకదాని మీద ఒకటి అతికించాడు. ఆరాక ఆకురాయితో సాపు చేశాడు. మళ్లీ అతికించాడు. ఈసారి గీతకంటే లోపలికి పోలేదు.

మధ్యలో ఒకసారి, సర్వేయరు బూట్లకి తీసి పెట్టిన తోలుని ఆమె ముందుకి జరిపాడు. దాని మీద తోలుకత్తి, పిడి ఆమె వైపు ఉండేలా పెట్టాడు.

పిచ్చుక ముట్టుకోలేదు. "ఇది మంచి తోలు నాన్నా. పాడైతే?"

"పాడైతే ఇంకోటి ఉంది. కత్తిని నీ వైపు లాగకు. తోలుని తిప్పు, కత్తిని కాదు."

ఆమె నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని కోత మొదలుపెట్టింది. మొదటి వంపు దగ్గర కాస్త వణికింది. రెండో వంపు దగ్గర వణకలేదు. మేస్త్రీ అటు చూడనట్టే చూశాడు.

ఆదివారం అన్న కొడుకు వచ్చాడు. గోడ వైపు చూస్తూ అరలు ఎక్కడెక్కడ బిగించాలో వేలితో చూపించాడు. "తాళాలు బాబాయ్," అన్నాడు చివరికి.

"అవి ఇక్కడే ఉంటాయి," అన్నాడు మేస్త్రీ, నోట్లో మేకులతో. అతనికి అర్థం కాక మళ్లీ అడిగాడు. మేస్త్రీ మేకులు తీసి, "చెల్లెలు పనిలో ఉంది. ఆమెనడుగు. దుకాణం ఆమెది," అన్నాడు.

కుట్టు యంత్రం దగ్గర పిచ్చుక పాదం ఆగిపోయింది. లోపలి గదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

అన్న కొడుకు రుసరుసలాడుతూ వెళ్లాక ఆయన కూతురి కొత్త బూట్లని కొయ్య మీదినుంచి లాగాడు. కొయ్య ఊడి వచ్చేటప్పుడు తోలు చిన్నగా నిట్టూర్చింది. పిచ్చుకని స్టూలు మీద కూర్చోబెట్టి, తనే తొడిగి, తనే లేసులు కట్టాడు. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మాన్ని ఆనుకుంది. ఆయన తల ఎత్తి ఆమె మొహం చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ మొహంలో ఆయనకి దొరికిందేమీ లేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

పిచ్చుక లేచి తలుపుదాకా నడిచి వెనక్కి వచ్చింది. ఏదో తేడాగా ఉన్నట్టు కిందికి చూసుకుంది.

"నాన్నా, వదులుగా ఉన్నాయి."

మేస్త్రీ మోకాళ్ల మీద వంగి బూటు బయటి అంచుని బొటనవేలితో నొక్కాడు. అక్కడ ఖాళీ ఉంది. వేలు దానిలోకి రాలేదు. బహుశా ఇక రాదు.

"వదులు కాదమ్మా," అన్నాడు. "అంతే ఉండాలి."